బరువు మోసిన పెట్టె

పాములపాడునుండి ఒక శ్రోత మాకొక ఉత్తరము వ్రాసినారు. వారి ఊరికి రైలు లేదు. బనకచర్లవద్ద చీలిపోవు కాలువలున్నవి; నందికొట్కూరు, ఆత్మకూరులకు పోవు రాస్తా ఉన్నది; రైలు చూడవలెనన్న నంద్యాలకో, కర్నూలుకో పోవలసినదే. అయినను వారు రెండేండ్లనుండి అట్టతోను, ప్లాస్టిక్కు రేకులతోను గూడ్సు పెట్టెల నమూనాలు చేయుచున్నారట. కొలతలు కుదిరినవి, చక్రములు తిరుగుచున్నవి, రంగు నున్నగా పట్టినది. ఒకనాడు ఒక పెట్టెను తమ తండ్రిగారి చేతిలో పెట్టినారు. ఆ పెద్దాయన మీటరుగేజి దినములలో నంద్యాల గూడ్సుషెడ్డులో బస్తాలు మోసినవారు. పెట్టెను అటునిటు త్రిప్పి చూచి, "బాగానే ఉండాది గాని నాయనా, ఇది ఎన్నడూ బరువు మోసిన పెట్టె కాదు" అని తిరిగి ఇచ్చివేసినారట.

ఉత్తరములోని ప్రశ్న ఒక్కటే: బరువు మోసిన పెట్టెవలె కనబడవలెనన్న ఏమి చేయవలెను?

ఇది పిల్లల ఆటవస్తువునుగూర్చిన ప్రశ్న అని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. నేనట్లు అనుకొనుట లేదు. గుంతకల్లునుండి నంద్యాల, గిద్దలూరు, కంభము, వినుకొండలమీదుగా గుంటూరు దిక్కుగా పోయిన మీటరుగేజి దారి 1880ల దశకములో మొదలై 1890 నాటికి పూర్తి అయినది. నంద్యాల దాటిన పిమ్మట నల్లమలలో బొగడ సొరంగము, దొరబావి వంతెన ఆ దారిలో ఎక్కినవారెవ్వరును మరువరు. 1990ల దశకములో ఆ దారి బ్రాడ్‌గేజిగా మారినది. దొరబావివద్ద పాతదారిని విడిచి కొత్తదారి వేసినారు. ఇంజనులలో కొన్నిటికి ప్రదర్శనశాలలలో చోటు దొరికినది. ఢిల్లీలో 1977లో తెరచిన జాతీయ రైలు మ్యూజియమును చూచినవారికి ఇది తెలియును. కాని బియ్యపు బస్తాలు మోసిన మామూలు గూడ్సు పెట్టెకు అంతటి గౌరవము ఎక్కడిది? అవి వేల సంఖ్యలో పాత ఇనుమునకు పోయినవి. ఒక పెట్టె నంద్యాల షెడ్డుముందు ఏ రంగులో, ఏ మురికితో, తలుపు ఎంత తెరచుకొని నిలిచినదో చెప్పగలవారు, దానిని మోతతో ఎరిగిన ఈ పెద్దలే. వారు "కాదు" అన్నప్పుడు ఏది కాదో కనుగొనుట అవసరము.

క్రొత్తగా చేసిన వస్తువునకు కావలెనని మట్టి పూయుట మనకు రుచించని పని. బొమ్మలకొలువులో నిలుపు కొండపల్లి ఎడ్లబండిని చూడండి. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల బంకతో అతికి, రంగులు వేసి, మెరపించి పెట్టుదురు. ఆ బండి చక్రమునకు బురద ఉండదు, ఉండకూడదు కూడ. అది పండుగ బండి. నమూనా రైలు పెట్టె అట్టిది కాదు. అది పని చేసిన వస్తువునకు ప్రతిరూపము గనుక, పని దానిమీద వదలిన గుర్తులుకూడ దాని రూపములో భాగములే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున మాంటెరీ పట్టణమునందు జాన్ ఆలెన్ అను ఛాయాచిత్రకారుడు తన ఇంటి నేలమాళిగలో నిర్మించిన నమూనా రైలుదారిమీద ఇంజనులకు మసి, పెట్టెలకు తుప్పు, ఇండ్లకు ఎండవాన దెబ్బ చూపించి, ఈ విద్యకు బాట వేసినవారిలో ప్రముఖుడైనాడు. ఆయన 1973 జనవరిలో మరణించిన కొద్దిదినములకే అగ్నిప్రమాదములో ఆ నిర్మాణము చాలవరకు నాశనమైనది, ఛాయాచిత్రములే మిగిలినవి. మన దేశములో చిన్నరైళ్ళ ప్రదర్శన చూడగోరువారు పూనాలో 1998లో ప్రజలకు తెరచిన జోషీ మ్యూజియమునకు పోవచ్చును. కాని మన దారుల గూడ్సు పెట్టెల నమూనాలు అంగళ్ళలో దొరకుట అరుదు. పాములపాటి శ్రోతవలె చేతితో చేసికొనవలసినదే.

ఇక విషయమునకు వత్తును. లెక్కతో మొదలుపెట్టెదను, ఏలయనగా "బరువు" అన్నమాటలో సగము లెక్కయే.

ఎక్కువమంది అనుసరించు కొలత అసలుకు 87వ వంతు. ఈ కొలతలో నేడు బొగ్గు, ఇనుపరాయి మోయు బాక్స్‌ఎన్ అను పైకప్పు లేని పెట్టెను తీసికొందము. కప్లింగులతో కూడ దాని పొడవు 10.713 మీటర్లు. నమూనాలో అది 123 మిల్లీమీటర్లు. అంతవరకు తేలిక. కాని బరువు 87వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గును గనుక 87ను మూడుసార్లు హెచ్చించి భాగింపవలెను, అనగా ఆరు లక్షల యాభై ఎనిమిది వేల పైచిలుకు. అసలు పెట్టె మోయు 58 టన్నుల సరుకు నమూనాలో 88 గ్రాములు మాత్రమే అగును. ఖాళీ పెట్టె ఇరువది రెండున్నర టన్నులు. అది 34 గ్రాములు. 1935లో ఏర్పడిన అమెరికా నమూనా రైలు సంఘమువారు వేరొక లెక్క చెప్పుదురు: ఒక ఔన్సు, దానిపై పెట్టె పొడవులో ప్రతి అంగుళమునకు అర ఔన్సు. ఆ ప్రకారము ఈ పెట్టె సుమారు 97 గ్రాములుండవలెను. వారు చెప్పునది చక్కగా పరుగెత్తుటకు కావలసిన బరువు. అట్టపెట్టె గాలికి కదలునంత తేలికగా ఉన్నచో మలుపులో పడిపోవును, ఆగినప్పుడు ఎగిరి ఆగును. చూచువాని కన్ను దానిని వెంటనే పట్టుకొనును. నాలుగు ఇనుప నట్లను పెట్టె అడుగున, చక్రములకు దగ్గరగా అతికించినచో ఈ లోపము పోవును. బరువు ఎంత క్రిందనుండిన అంత మేలు.

సరుకును ఎంత ఎత్తున నింపవలెను? చాలామంది తెలియక పొరపడునది ఇక్కడనే. పెట్టె ఉన్నది గనుక అంచువరకు నింపుదురు. బాక్స్‌ఎన్ లోపలి పొడవు 9.784 మీటర్లు, వెడల్పు 2.95, గోడల ఎత్తు 1.95, అనగా పట్టునది సుమారు 56 ఘనమీటర్లు. బొగ్గు ఘనమీటరు ఒకటికి ముప్పాతిక టన్నుకు పైన, ఒక టన్నుకు లోపల తూగును. 58 టన్నుల బొగ్గు పోయవలెనన్న పెట్టె నిండి, అంచుపైన కుప్ప లేవవలెను. ఇనుపరాయి అట్లు కాదు. దాని పొడి, ముక్కలు కలిసి ఘనమీటరునకు దాదాపు రెండున్నర టన్నులుండును. అదే 58 టన్నులు ఇరువదినాలుగు ఘనమీటర్లలో ఇమిడిపోవును. పెట్టె అడుగున 84 సెంటీమీటర్ల ఎత్తునకు మించి రాదు. నమూనాలో గోడ 22 మిల్లీమీటర్లు ఉండగా సరుకు 10 మిల్లీమీటర్లకు లోపలనే నిలిచిపోవలెను. బళ్ళారి ప్రాంతపు ఇనుపరాయి రైలును వంతెనమీదనుండి చూచినవారికి ఈ పెట్టెలు సగము ఖాళీగా పోవుచున్నట్లే తోచును. అవి నిజమునకు నిండు పెట్టెలే. ఇనుపరాయిని అంచువరకు నింపిన నమూనాను చూచిన రైల్వే మనిషికి, ఆ పెట్టె అసలు కదలలేదని వెంటనే తెలిసిపోవును. సున్నపురాయి, కంకరలు ఈ రెంటికి నడుమ. మూడింట రెండు వంతులు నింపిన చాలును.

కుప్ప ఏ వాలుతో నిలుచునో ఆ వాలు మాత్రము పెట్టె చిన్నదైనను తగ్గదు. గాదెముందు ధాన్యమును పోసినప్పుడు కుప్ప ఒక హద్దువరకు లేచి, ఆపైన జారిపోవును. పలుగురాళ్ళ కంకరకు, బొగ్గుకు ఆ వాలు 35 నుండి 40 డిగ్రీల ప్రాంతమున ఉండును. నమూనాలో సన్నని పొడికి కూడ ఇంచుమించు అదే వాలు వచ్చును. కనుక కుప్పను చేతితో దిద్దుట కన్న పైనుండి గరాటుతో పోసి, దాని దారిన దానిని నిలువనిచ్చుట మేలు. యంత్రముతో నింపిన పెట్టెలో రెండు మూడు కుప్పలు వరుసగా నిలుచును, పారలతో నింపినదానిలో వరుస ఉండదు. పలుకు పరిమాణమును మాత్రము తగ్గింపవలెను. రైలుదారిమీద వేయు కంకర 65 మిల్లీమీటర్లకు మించదు; అది నమూనాలో ముప్పాతిక మిల్లీమీటరు. మన చేతికి ఇసుక అనిపించునది ఆ కొలతలో కంకర. ఇసుకను ఇసుకగా పోసినచో అది పెట్టెలో బండరాళ్ళవలె కనబడును.

అల్లగడ్డలో శిల్పుల ఉలిక్రింద రాలిన రాతిపొడిని ఎవరైన తెచ్చి ఇచ్చినచో, జల్లెడలు మార్చి పట్టి, ఆ కొలతకు వచ్చు భాగమును దాచుకొనవలెను. రాతిని రాతితోనే చూపుట అన్నిట మేలనుటకు వీలులేదు. అభ్రకపు మెరుపు ఉన్న రాయి చిన్నకొలతలో అద్దపుముక్కలవలె తళుకుమనును. అట్టిదానిమీద పలుచని బూడిదరంగు నీరు పోసి మెరుపును చంపవలెను. బొగ్గుకు బొగ్గే మంచిది. నూరి, కడిగి, ఆరబెట్టినది. కడుగనిచో వ్రేళ్ళకు, పట్టాలకు, చివరకు మోటారునకు మసి అంటును.

ఈ ప్రాంతపు నాపరాళ్ళను చెప్పకుండ ముందుకు పోలేను. బేతంచెర్ల బండలను నేడు ఎక్కువగా లారీలే మోయుచున్నవి. అయినను ద్రోణాచలము, నంద్యాలల నడుమ దారిని నమూనాగా చేయదలచినవారికి అవి లేక సొగసు లేదు. బండలను ఒకదానిపై ఒకటి పఱచి పేర్చినచో కుదుపునకు అడుగుబండలు పగులును. అందుచేత వాటిని అంచుమీద నిలిపి, ఒకదానికొకటి ఆనించి, నడుమ గడ్డి పెట్టి కట్టుదురు. నమూనాలో అట్టముక్కలను సన్నగా కోసి అంచుమీద నిలిపి, ఒకటి రెండింటిని తక్కినవాటికన్న కొంచెము ముందుకు వాలనిచ్చినచో చాలును. రంగు ఒక్కటిగా వేయరాదు. బూడిదలో కొంచెము పచ్చన, కొంచెము పసుపు, ప్రక్కప్రక్కనే ఉన్న బండలకుకూడ మార్పు ఉండును. రాయి బరువు ఘనమీటరునకు రెండున్నర టన్నులపైన గనుక ఈ వరుసలుకూడ ఎత్తుగా ఉండరాదు. నడుములోతు వరుసకే పెట్టె నిండు బరువెక్కును.

సరుకును పెట్టెకు అతుకరాదు. పెట్టె లోపలికి సరిపోవు తెర్మోకోలు పలకనొకటి కోసి, సరుకు రంగే దానికి పూసి, దానిపైన బంక రాసి పొడిని చల్లి, తెల్లబంకను నీటితో పలుచన చేసి, ఒక చుక్క సబ్బునీరు కలిపి పైన చిలకరింపవలెను. సబ్బు లేనిచో నీరు పొడిమీద ముత్యములవలె నిలిచి, కుప్ప చెదరును. ఆరిన పిమ్మట పలకను ఎత్తి తీయవచ్చును. పోవునప్పుడు నిండుగా, వచ్చునప్పుడు ఖాళీగా నడుపవచ్చును. ముద్దనూరువద్ద రాయలసీమ థర్మల్ కేంద్రమునకు సింగరేణి బొగ్గు తెచ్చిన పెట్టె తిరుగుదారిలో ఖాళీగానే పోవును గదా! ఖాళీ పెట్టె లోపలి గోడలను అప్పుడు చూడవలసి వచ్చును, అవి బయటి గోడలవలె ఉండవు. రాయి పడిపడి రంగు పూర్తిగా పోయి, తుప్పు, మెరుపు, మసి కలిసి ఉండును.

ఇప్పుడు తుప్పునకు వత్తును. ఈ విద్య క్రొత్తగా నేర్చినవారు తుప్పును కుంకుమవలె చల్లుదురు. నా అభిప్రాయములో ఏ మురికియు లేని పెట్టెకన్న అబద్ధపు తుప్పు పట్టిన పెట్టె ఎక్కువ అసహజము. తుప్పునకు కారణము ఉండవలెను. నీరు నిలుచు మూల, తలుపు మడతబందు, సరుకు దెబ్బ తగిలి లోపలినుండి బయటికి ఉబ్బిన రేకు, గోడ అడుగు అంచు—ఇవి దాని స్థానములు. అక్కడనుండి వాన దానిని క్రిందికి ఈడ్చును. చారలన్నియు పైనుండి క్రిందికే. కుంచెను అడ్డముగా లాగినచో పని చెడినట్లే. దుమ్ము మాత్రము క్రిందినుండి పైకి ఎక్కును, పోనుపోను పలుచనగును. చక్రముల దగ్గర బ్రేకుల ఇనుపరజను గోధుమరంగులో పట్టియుండును. పాతకాలపు పెట్టెల ఇరుసుపెట్టెలలో నూనె పోయుచుండిరి గనుక చక్రముల ముఖమున నల్లని జిడ్డు ఉండెడిది. రోలరు బేరింగులు వచ్చిన తరువాతి పెట్టెలకు ఆ జిడ్డు పెట్టుట కాలము తెలియక చేయు పని. అట్లే బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ అను తరువాతి తరము పెట్టెల గోడలు స్టెయిన్‌లెస్ ఉక్కువి. వాటికి మట్టి పట్టును గాని, ఎఱ్ఱని తుప్పు చారలు పెట్టుట తగదు.

పెట్టె వయస్సు ఊహింపనక్కరలేదు. అది పెట్టెమీదనే వ్రాసియుండును. మన రైల్వేల గూడ్సు పెట్టెలకు ఇప్పుడు పదునొకండు అంకెల సంఖ్య ఉన్నది. మొదటి రెండంకెలు పెట్టె రకమును, తరువాతి రెండు దాని స్వంతదారు రైల్వేను, అయిదవ ఆరవ అంకెలు తయారైన సంవత్సరమును, ఆ తరువాతి నాలుగు వరుస సంఖ్యను తెలుపును. చివరిది సరిచూచు అంకె. స్టేషనులో ప్లాట్‌ఫారముమీద నిలిచి గూడ్సు పోవునప్పుడు ఆ రెండంకెలను చదివి, ఆ వయస్సు పెట్టెకు రంగు ఎంత వెలిసినదో వ్రాసికొనినచో, ఒక మధ్యాహ్నములో దొరకునంత విద్య ఏ పుస్తకములోను దొరకదు. ఇరువది పెట్టెలలో రెండు మూడు ఈమధ్యనే వర్కుషాపునుండి రంగు వేసికొని వచ్చినవి ఉండును. వాటిని వరుసలో ఉంచవలెను. అవి ఉన్నందుననే తక్కినవాటి పాతదనము కనబడును. నిజమైన రేకులో యాభై ఎనిమిది బాక్స్‌ఎన్ పెట్టెలుండును. నమూనాలో అది ఏడు మీటర్లు దాటును. ఏ ఇంటిలోను పట్టదు. పది పన్నెండుతో తృప్తిపడవలెను.

రంగులకు దూరము పోనక్కరలేదు. ఒకవైపు నల్లమల, ఒకవైపు ఎఱ్ఱమల, నడుమ కుందూ లోయలోని నల్లరేగడి. మన దారిలోని పెట్టెల అడుగుభాగమున పట్టు దుమ్ము ఈ నేలదే. చేనిలోని మట్టిని ఎండబెట్టి, నూరి, వస్త్రగాళితము చేయవలెను. ఆ పొడిలో అయస్కాంతమును రెండు మూడుమారులు తిప్పవలెను, నేలలోని ఇనుపపలుకు అంటుకొని వచ్చును. ఈ పని చేయనిచో ఆ పలుకు ఇంజను మోటారులో చేరి దానిని పాడుచేయును. రేగడి తడిసినప్పుడు నల్లగానుండి ఎండినప్పుడు బూడిదరంగునకు వచ్చునని మన రైతులకు చెప్పనక్కరలేదు. కాబట్టి వానకాలపు పెట్టెకు, వేసవి పెట్టెకు ఒకే మట్టిని రెండు విధములుగా వాడుకొనవచ్చును. సిమెంటు మోసిన మూతపెట్టెకు వేరే గుర్తు ఉన్నది. సిమెంటు పొడి తలుపు సందులనుండి కారి, తడికి గట్టిపడి, తలుపు క్రింద తెల్లని బూడిదచారగా నిలిచిపోవును. సున్నపుపొడితో దీనిని చూపవచ్చును.

పూయు వరుస ఇది. మొదట మెరుగులేని వార్నిషు; నున్నని రంగుమీద పొడి నిలువదు. తరువాత నలుపు, గోధుమ కలిపిన పలుచని రంగునీటిని పోసి, అంచుల సందులలో నిలువనిచ్చి, తక్కినదానిని తడిగుడ్డతో క్రిందికి తుడువవలెను. అది ఆరిన పిమ్మట, కుంచెను రంగులో ముంచి, కాగితముమీద దాదాపు పొడిగా తుడిచి, ఉబ్బెత్తు అంచులమీద తేలికగా ఆడింపవలెను. రంగు పెచ్చులూడిన చోట్లను స్పంజి ముక్కతో అద్దవలెను, కుంచెతో చుక్కలు పెట్టరాదు. కుంచె చుక్క ఎప్పుడును గుండ్రముగా వచ్చును, పెచ్చు ఎన్నడును గుండ్రముగా ఊడదు. చివర మట్టిపొడి. ఒక్కొక్క మెట్టు తరువాత ఒక రాత్రి ఆగి మరునాడు పగటివెలుతురులో చూడవలెను. దీపము వెలుతురులో మురికి ఎప్పుడును తక్కువగా కనబడును.

పాములపాటి మిత్రుని పెట్టె మీటరుగేజి మూతపెట్టె. అసలు దారి వెడల్పు ఒక మీటరు గనుక ఈ కొలతలో పట్టాల నడుమ పదకొండున్నర మిల్లీమీటర్లుండవలెను. పన్నెండు మిల్లీమీటర్ల పట్టాలు పనికివచ్చును. మూతపెట్టెలో బస్తాలు కనబడవు. అందుచేత సరుకుకొరకు శ్రమపడుట అనవసరమని కొందరు అందురు. నేను ఒక తలుపు తెరచి పెట్టుమందును. కొండపల్లివారి పద్ధతిలో చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి, పది మిల్లీమీటర్ల పొడవు, ఆరు మిల్లీమీటర్ల వెడల్పున గోతములు చేసి, తడిగా ఉండగానే ఒకదానిపై ఒకటి పేర్చినచో క్రిందిది పైదాని బరువునకు అణగును. ఆ అణగుటయే బస్తాకు ప్రాణము. అన్నిటిని ఒకే వాలున పేర్చరాదు. హమాలీలు ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డముగా వేసి కట్టు పట్టింతురు.

పెద్దాయన చూచినది బహుశః తలుపు గడపనే అయియుండును. ఏండ్లతరబడి వీపులు, బస్తాలు రాచుకొని పోయిన చోట రంగు ఉండదు. తుప్పు కూడ ఉండదు. ఇనుము నున్నగా అరిగి, నల్లగా మెరయుచుండును. తలుపునకు రెండువైపుల, మనిషి భుజము తగులు ఎత్తున, జిడ్డు చెమట పట్టిన మచ్చ ఉండును. అక్కడ పెన్సిలు సీసమును వ్రేలితో రుద్దిన చాలును, రంగు అక్కరలేదు. తలుపు ప్రక్కన షెడ్డు గుమాస్తా సుద్దముక్కతో వేసిన అంకెలు, వాటిపై సగము చెరిగిన పాత అంకెలు, లేబులు దూర్చు చిన్న ఇనుపచట్రములో వంకరగా నిలిచిన కాగితము—ఇవి ఆఖరున పెట్టవలెను. ఏ అంకెలు వ్రాసెడివారో, గోతముల ముద్ర ఏ వైపు ఉండెడిదో, బస్తాలు ఎన్ని వరుసలు వేసెడివారో, ఆ వివరములు తండ్రిగారిని అడిగి తెలిసికొని వ్రాసిపెట్టుకొనుడు; తరువాత కుంచె పట్టుడు.